సోమవారం పొద్దుటి గోలి

బతికి ఉన్నందుకు దేవునికి దండం పెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆ దండం పెట్టుకోవడంలోనే నేను ఒక తప్పు చేసిన. నా పానం మీదికి తెచ్చుకున్నది చాలక, ఇంకొక ఆడపిల్ల పానం మీదికి కూడా తెచ్చిన. ఆ నాడు ఎరుకైనోళ్లకు తప్ప ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదు. రోగం సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడి కాదు, ఆ సిగ్గు ఎప్పుడో పోయింది. ఈ తప్పు చెప్పుకోవడానికే నోరు రాలేదు. నా లెక్కనే గోలీలు మింగుతూ, నా లెక్కనే దేవుణ్ణి నమ్ముకున్న అక్కచెల్లెండ్లు ఎక్కడైనా ఉంటే, ఇది వాళ్ల కోసం.

నేను బడికి పోలేదు. జనగామ దగ్గర మా ఊళ్లో మా బాపు ఎవుసం చేసుకుంటనే నాకు ఇంట్లో అక్షరాలు దిద్దించిండు. దేవుని కథలు పైకి చదివించుకొని వినేటోడు. తప్పు చదివితే కళ్లు తెరవకుండనే "మళ్ల చదువు బిడ్డా" అనేటోడు. నాకొచ్చిన రాత అంతే.

ఉద్యమం ఊపందుకున్న ఏడు, అంటే రెండువేల తొమ్మిది చలికాలం, భూపాలపల్లిలో మా ఆయన చనిపోయిండు. ఆయన బొగ్గుబాయిలో కాంట్రాక్టు కూలి. అంతకు నాలుగేండ్ల కింద పైనుంచి పెళ్ల ఊడిపడి కాలు విరిగితే రక్తం ఎక్కించిన్రు. రోగం ఆ రక్తంతో వచ్చిందో ఇంకెట్ల వచ్చిందో నేను అడగలేదు. పోయినోన్ని పట్టుకొని అడిగేదేముంది. ఆయన పోయినంక నాకు పరీక్ష చేస్తే రెండు బయటపడ్డయి. ఒకటి హెచ్‌ఐవి. రెండోది కాలేయాన్ని తినే హెపటైటిస్ సి. మొదటిదానికి సర్కారు గోలీలు ఉన్నయన్నరు. రెండోదానికి మందు ఉంది గానీ మనదాకా రాలేదన్నరు.

పదో రోజు నాడు బంద్. చుట్టాలు ఎవరూ రాలేకపోయిన్రు. నలుగురు మనుషులతోనే కార్యం అయిపోయింది. మంచిదే అయిందనుకున్న. వచ్చినోళ్లు ఏం రోగమని అడిగేటోళ్లు.

మా అన్న నన్ను జనగామకు తెచ్చుకున్నడు. ఇంటెనుక ఒక అర్ర, వేరే కంచం, వేరే గిలాస, వేరే బొంత. వదినెను నేను తప్పు పట్టను. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. నేను తాగిన గిలాసను ఆమె కొంగుతో పట్టుకొని తీసుకపోతుంటే చూసి, ఏమీ చూడనట్టు ఉండేదాన్ని. గోలీలకు జనగామ దవాఖానకు పోవద్దన్నడు అన్న. "అందరు ఎరుకైనోళ్లే. మానుకోటకు పో. అక్కడ మనల్నెవరు ఎరుగరు" అన్నడు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటం. ఇప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ మూడు జిల్లాలు. అప్పుడన్నీ ఒకటే జిల్లా. నెలకొకసారి పొద్దుటి రైలెక్కి, కొంగు నెత్తిమీదికి లాక్కొని, కిటికీ దిక్కు తిరిగి కూసునేదాన్ని.

అక్కడ మా గది ముంగట ఒకటే బెంచీ. బెంచీ మీద కూసున్నోళ్లం ఒకరి మొహాలు ఒకరం చూసుకునేటోళ్లం కాదు. తలుపు తీసి పేరు పిలిస్తే చాలు, పిలిచినోళ్ల కన్నా పక్కనున్నోళ్లే ఎక్కువ ఉలిక్కిపడేటోళ్లు.

లోపల నర్సు రత్నం సిస్టర్. కోస్తా దిక్కు మనిషి. ఏసును నమ్మినామె. నవ్వు మొహం కాదు.

"పేరు?"

"కౌసల్య."

"భర్త పేరు?"

"లేడు."

"పేరడిగానమ్మా. ఉన్నాడా లేడా అని అడగలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె రాసుకుంటనే ఉంది. ఏడ్చుడు అయిపోయేదాకా ఆగి, మళ్ల అదే ప్రశ్న అడిగింది. అప్పుడు చెప్పిన.

"పొద్దున ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి. పెళ్లున్నా చావున్నా సరే. వచ్చే నెల మిగిలినవి డబ్బాతో సహా తేవాలి. నేను లెక్కపెడతాను."

బెంచీ మీద ఒక ముసలాయన ఎప్పుడూ అనేటోడు, "మన రాష్ట్రమొస్తే ఈ ఆంధ్రా సిస్టర్ పోతదిరా, మనల్ని తిట్టేటోళ్లుండరు" అని. ఆమె లోపల్నుంచే, "రాష్ట్రం వచ్చినా మీ గోలీ ఎనిమిదింటికే తాతా, తొమ్మిదింటికి మారదు" అనేది. బెంచీ మీద నవ్వు పుట్టేది ఆ ఒక్క మాటకే.

రెండో నెల పోయినప్పుడు నా నెత్తి నిండా పుండ్లు. ఆమె నా జడ విప్పింది. పాయలు పాయలుగా తీసి చూసి, మందు రాసి, మళ్ల జడ అల్లింది. చేతులకు తొడుగులు లేవు. నేను భయపడి తల వెనక్కి తీసుకుంటే, "రక్తం ఉంటే వేసుకుంటాను. జుట్టుకెందుకు? మీ ఇంట్లో కూడా చెప్పు. బ్లేడు, బ్రష్షు, గోళ్లు తీసే కత్తెర నీవి నీకే ఉండాలి. కంచం వేరక్కర్లేదు, దుప్పటి వేరక్కర్లేదు" అన్నది.

మా ఆయన పోయినంక నా తల ముట్టుకున్న మొదటి చెయ్యి అది. బిగుతుగా అల్లింది, నొప్పి పుట్టేటట్టు. రెండు దినాలు ఆ జడ విప్పలేదు.

ఇంటికొస్తే వదినె చూసింది. "జడెవలు ఏసిన్రు?"

"సిస్టర్."

"ఉత్త చేతులతోనా?"

"ఆ."

మూడో రోజు దువ్వెన తీసుకొని వచ్చి నా ఎనుక కూసున్నది. పాయలు తీసి దువ్వి జడ అల్లింది. ఇప్పటికీ నేను దేవునికి చెప్పుకునే కృతజ్ఞతల్లో ఆ దువ్వెన ఒకటి.

మరుసటి ఏడు ఉగాదికల్లా ఒళ్లు తేరుకుంది. మెట్లు ఎక్కితే వచ్చే ఆయాసం పోయింది. అన్నం సయించింది. కొత్త చీర కట్టుకొని అద్దంల చూసుకుంటే ఎవరో మనిషి లెక్క కనబడ్డ. ఇంత దయ చూపిన దేవునికి నేనేమిచ్చుకోవాలె? నా దగ్గర ఏముంది ఇచ్చుకోవడానికి? మా ఇంటి దేవుడు మల్లన్న. బతికినన్ని రోజులు సోమవారం ఒక్కపొద్దు ఉంటనని మొక్కుకున్న, చేతికి పసుపుదారం కట్టుకున్న. ఒక్కపొద్దు అంటే మా దిక్కు పొద్దున తానం చేసి, మంచినీళ్లు తప్ప ఏమీ నోట్లో పెట్టకుండా, దీపాలు పెట్టే యాళ్లకు దేవునికి ఆరగింపు చేసి ఒక్కపూట తినుడు. మందు కూడా నోటికి తగిలితే ఎంగిలేనని మా అవ్వ చెప్పేది. ఆమె సొంటి కషాయం కూడా తాగకపోయేది.

మరి పొద్దుటి గోలి?

ఆలోచించి, రెండూ కలిపి రాత్రి వేసుకుంట అనుకున్న. మానేస్తలేను కద, జర ఆలస్యం అంతే. దేవునికీ లోటు లేదు, సిస్టర్ లెక్కకూ లోటు లేదు. శ్రావణంలో, కార్తీకంలో నెలంతా ఒక్కపొద్దే. ఆ నెలల్లో రోజూ రెండూ రాత్రే.

ప్రతి నెలా రత్నం సిస్టర్ నా డబ్బా స్టీలు పళ్లెంలో ఒంపి, పెన్ను మూతతో జంటలు జంటలుగా జరిపేది. ఒక్కటి కూడా తేడా రాకపోయేది. "కౌసల్యను చూసి నేర్చుకోండి" అని తలుపు తెరిచే అనేది. బెంచీ మీద మొహాలు నా దిక్కు తిరిగేవి. నేను తల వంచుకునేదాన్ని గానీ లోపల సంతోషమే. అబద్ధమాడిననని అనిపించలేదు. ఎవరూ అడగలేదు కద.

అక్కడనే పరిచయమైంది బుజ్జి. గూడూరు దిక్కు తండా పిల్ల. ఇరవై రెండేండ్లుంటయేమో. రెండేండ్ల బిడ్డ తల్లి. మొగుడు పట్నంలో బిల్డింగు పని. రోగం సంగతి వాళ్లిద్దరికే ఎరుక, అత్తకు తెల్వదు. గోలీలు పసుపుడబ్బాలో దాచిపెట్టుకునేది. ఆ గదికి వచ్చేటోళ్లలో కార్డు మీద రెండు రోగాలూ రాసి ఉన్నది మా ఇద్దరికే. అందుకేనేమో, మొదటి రోజే నా పక్కకు జరిగి కూసున్నది.

"అక్కా, నీకు గూడ రెండునటగ. మరి ఇంత మంచిగెట్ల ఉన్నవే? ఏం తింటున్నవ్?"

"తినుడు కాదు, మానుడు" అని నవ్విన. ఒక్కపొద్దు సంగతి చెప్పిన.

"మా తండాల గిది లేదక్కా. నాకు నేర్పు. నా బిడ్డ పెద్దగయ్యేదాక ఉంటె చాలు నాకు."

నేర్పిన. తానం, దీపం, ఆరగింపు, పసుపుదారం. పూసగుచ్చినట్టు నేర్పిన. నా అంత తెలివిగలది ఆ పిల్ల, వెంటనే అడిగింది.

"మరి పొద్దుటి గోలెట్ల?"

"రాత్రి రెండూ ఏస్కో. నేను గట్లనే ఏస్కుంట. లెక్క తప్పది."

ఈ నాలుగు ముక్కలు నేను ఎన్నిసార్లు మనసులో వెనక్కి తీసుకున్ననో మల్లన్నకే ఎరుక.

రెండువేల పదకొండు శ్రావణం అయిపోయేసరికి నా కండ్లు పచ్చబడ్డయి. ఒళ్లంతా దురద. అన్నం వాసనకే వాంతి. కుడిపక్క డొక్కలో రాయి పెట్టినట్టు బరువు. మూత్రం టీ డికాషన్ లెక్క. అన్న నన్ను మానుకోటకు తీసుకపోయి దవాఖానలో చేర్చిండు. ఆ వారమే సమ్మె మొదలైంది. బస్సులు బంద్, ఆఫీసులు బంద్, బళ్లు బంద్. రైళ్లు ఒకరోజు నడిస్తే రెండు రోజులు ఆపేటోళ్లు. వార్డు కిటికీలోంచి నినాదాలు, డప్పులు, ఆ ఎనుక రోడ్డు మీద బతుకమ్మ పాటలు. నేను కూడా మనసులో జై తెలంగాణ అనుకునేదాన్ని, అనుకొని పక్కకు తిరిగి వాంతి చేసుకునేదాన్ని. అన్నకు తిరిగి పోవడానికి బండి దొరకలేదు. మూడు రోజులు వరండాలో పండుకున్నడు.

రక్తపరీక్షలు బాగా లేవు. లోపలి బలం సగానికి పడిపోయిందన్నరు, గోలీలు పనిచేస్తలేవేమోనన్నరు. డాక్టరు సిస్టర్‌ను అడుగుతుండె, "సరిగ్గా వేసుకుంటలేదా?" అని. "సార్, ఈమె ఒక్క గోలీ కూడా తప్పదు. నేను హామీ" అన్నది ఆమె. నేను కళ్లు మూసుకొని విన్న. అప్పటికి కూడా నాకు తట్టలేదు.

తర్వాతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆమె గోలి, నీళ్లు తెచ్చింది.

"ఇయ్యాల సోమవారం కద సిస్టర్. రాత్రి ఏస్కుంట" అన్న.

ఆమె గిలాస పట్టుకొని అట్లనే నిలబడ్డది. "రాత్రి వేసుకుంటావా? రాత్రిది?"

"రెండూ కలిపి ఏస్కుంట."

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయినేడు ఉగాది నుంచి. సోమవారాలు. ఇంక కార్తీకం, శ్రావణం."

ఆమె మంచం అంచు మీద కూసున్నది. రోగి మంచం మీద ఆమె కూసోవడం నేను అప్పుడే మొదటిసారి చూసిన. 

"నీ కాలేయం సగం చెడింది కౌసల్యా. ఒక గోలీ మొయ్యడమే దానికి కష్టం, రెండు పడేశావు. పగలంతా ఆ రోగం పురుగుని ఖాళీగా వదిలేశావు. నిన్ను చూపించి నేను అందరికీ పాఠం చెప్పాను కదే." ఎప్పుడూ అమ్మా అనే మనిషి కదే అన్నది. తర్వాత లేచి, తగ్గు గొంతుతో అడిగింది. "ఇంకెవరికైనా చెప్పావా ఇది?"

నేను గోడ దిక్కు తిరిగిన.

"ఎవరికి?"

"బుజ్జికి."

ఆమె పోయి రిజిస్టరు తెచ్చింది. పోయిన నెల బుజ్జి వచ్చినప్పుడు రెండు కిలోలు తగ్గింది. గోలీల లెక్క మాత్రం సరిగ్గా ఉంది. ఈ నెల రావలసిన రోజు దాటిపోయింది. బస్సులు లేవు. ఫోన్ చేద్దామంటే ఆ ఇంటికి ఒకటే సెల్లు, అది మరిది దగ్గర. దవాఖాన నుంచి అంటే ఎందుకని అడుగుతరు. మనిషిని పంపితే తండా అంతా గుమికూడుతది. ఆ పిల్ల దాచుకున్నదంతా అయిపోతది. ఇటు చూస్తే ప్రతి సోమవారం ఆమె నేను నేర్పిన పని చేస్తనే ఉంది.

"నేను పోత" అన్న.

"పసుపు కళ్లేసుకుని ఎక్కడికి పోతావు?"

"నేర్పింది నేను. మాన్పిచ్చుడు గూడ నేనే చెయ్యాలె సిస్టర్. నువ్వు చెప్తె ఇనది. నేను చెప్తె ఇంటది."

నేను నిలబడి నడిచేటట్టు కావడానికి సిస్టర్ ఆదివారం దాకా ఆగింది. డాక్టరును అడిగి, ఆటో మాట్లాడింది. తెల్లకోటు ఇప్పేసి మామూలు చీర కట్టుకొని, గోలీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకొని నాతో ఎక్కింది. నేను వద్దన్న. "దారిల ఆపుతరు సిస్టర్. నీ మాట ఇంటె ఎక్కడిదానివంటరు."

"అయితే మాట్లాడనులే" అన్నది.

గూడూరు రాకముందే ఆపిన్రు. రోడ్డు నడుమ రాళ్లపొయ్యిలు, పెద్ద గంజులు, పొగ. ఊరోళ్లంతా రోడ్డు మీదనే వండుకొని అక్కడనే తింటున్నరు. సమ్మెలో వంటావార్పు అనేటోళ్లు దాన్ని. మెడల గులాబీ కండువా వేసుకున్న ఒకతను ఆటోలోకి తొంగిచూసిండు.

"బండ్లు బంద్ కద అక్కా. ఎక్కడికి?"

"మా చెల్లెకు పానం బాగలేదు తమ్మీ. తండాకు."

"నీకే బాగలేనట్టుంది, కండ్లట్లున్నయి. ఈ అక్కెవలు?"

"మా అక్కనే."

"నమస్తే అక్కా. యే ఊరు మీది?"

సిస్టర్ నా మొహం చూసింది. నాకు నోటికొచ్చింది అన్న. "ఆమెకు మాటలు రావు తమ్మీ. పుట్టు మూగది."

అతను పాపమన్నట్టు చూసిండు. "సరే పోండ్రి. గనీ తినకుండ పోతె ఊకోం. ఇయ్యాల ఈ తొవ్వల ఆకలితోని ఎవలు పోవద్దు." విస్తరాకుల్లో పులిహోర పెట్టి ఆటోలోకే ఇచ్చిండు. నేను నాలుగు మెతుకులు ముట్టిన. సిస్టర్ మొత్తం తిన్నది. "మంచిగున్నదా అక్కా?" అని గట్టిగా అడిగిండు, మూగోళ్లకు వినబడదన్నట్టు. ఆమె తలూపి చేతులు జోడించింది.

ఆటో మలుపు తిరిగినంక అన్నది, "ఉప్పెక్కువైంది."

ఆ మొత్తం నెలలో నేను నవ్వింది అప్పుడొక్కసారే. నవ్వితే డొక్క నొచ్చింది.

తండాలో బుజ్జి వసారాలో నులకమంచం మీద పడుకొని ఉంది. పిల్ల కాదు, పిల్ల నీడ. పెదవుల మూలలు తెల్లగా పగిలినయి. కండ్లు నాలెక్కనే పచ్చగున్నయి. పక్కనే బిడ్డ, తల్లి గాజులు తీసి తన చేతులకు ఎక్కించుకొని ఆడుకుంటున్నది. గాజులు అంత వదులైనయి ఆ తల్లికి.

వాళ్లత్త బయటికి వచ్చింది. నేనెవరో చెప్పంగనే మొహం వెలిగింది. "ఒక్కపొద్దు నేర్పిన అక్కవు నువ్వేనా? మా కోడలు నీ పేరే చెప్తది. మంచిగ నిష్ఠగ పడుతాంది. గందుకే జర సన్నపడ్డది." చెంబుతో నా కాళ్లకు నీళ్లిచ్చింది. ఆ నీళ్లు పడుతుంటే కాళ్లు తీసుకోలేకపోయిన, నిలబడలేకపోయిన.

ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోయినంక నేను మంచం మీదికి వంగి చెప్పిన. ఒక్కపొద్దు ఇడిసిపెట్టు బుజ్జీ, పొద్దుటి గోలి పొద్దున్నే ఏస్కో అని.

"రాత్రి రెండేస్కుంటె కక్కుకుంటున్న అక్కా. రెండూ పోతున్నయి. దేవుడు పరీక్ష పెడుతున్నడనుకున్న."

"పరీక్ష కాదే. నేను తప్పు చెప్పిన. మానెయ్."

ఆమె కండ్లు పెద్దగైనయి. "మొక్కు మొక్కి ఇడిస్తె బిడ్డకు తగులుతదక్కా. నువ్వే చెప్పినవ్."

నిజమే, అదీ నేనే చెప్పిన. ఎంత బతిమాలినా వినలేదు. తెల్లారితే సోమవారం. ఏం చెయ్యాలె? మా బాపు మొక్కిన మొక్కు ఆయన పోయినంక మా అన్న తీర్చిండు, అది గుర్తొచ్చింది. "మొక్కు ఒకలు మొక్కితె ఇంకొకలు తీర్చొచ్చు. నీ ఒక్కపొద్దు నేను తీస్కుంట" అన్న.

"నువ్వు గూడ గోలీలేస్కోవాలెగా?"

ఆటో దిగినప్పటి నుంచి నోరు తెరవని సిస్టర్ అప్పుడు మాట్లాడింది.

"నేనుంటాను."

ఇద్దరం ఆమె దిక్కు చూసినం.

"నాకు ఏ గోలీలూ లేవు. సోమవారం రోగులు ఎక్కువ, ఎలాగూ తిండికి తీరిక దొరకదు. నీ ఒక్కపొద్దూ నేనే, ఈమెదీ నేనే."

"నువ్వు ఏసును కొలుస్తవు కద సిస్టర్?" అన్నది బుజ్జి.

"ఉపవాసం మాకూ ఉంది. ఆకలి ఎవరిదైనా ఒకటేగా. దారం ఇటివ్వు."

బుజ్జి చేతి పసుపుదారం నేనే ఇప్పిన. నా చేతిది కూడా ఇప్పిన. రెండూ కలిపి సిస్టర్ చేతికి గడియారం పక్కన కట్టిన. ముడి వేసేటప్పుడు మల్లన్న పేరు చెప్పుకున్న. ఆమె చెయ్యి కదపకుండా ఉంచింది. తర్వాత టిఫిన్ డబ్బా తెరిచి గోలి తీసింది. బుజ్జి దారం దిక్కు చూసి, నా దిక్కు చూసి, నోరు తెరిచింది.

కామెర్లు ముదిరినయి, దవాఖానకు తీసుకపోవాలని అత్తకు చెప్పినం. అది అబద్ధం కాదు. అదే ఆటోలో బుజ్జిని తెచ్చుకున్నం. తలుపు దగ్గర నాయనమ్మ చంకలోంచి బిడ్డ గాజులు ఊపింది.

నా పక్క మంచమే ఆమెకు ఇచ్చిన్రు. సమ్మెతోని ఆయాలు సగం మంది రాలేదు. రత్నం సిస్టర్ ఒక్కతే అన్నీ చేసింది. నోట్లో పుండ్లకు గుడ్డతో తుడిచేది, పక్క మార్చేది, మురికి బట్టలు తీసేది. రక్తం పడితే తొడుగులు వేసుకునేది, లేకపోతే లేదు. నాకు జర బలమొచ్చినంక నేర్పింది, మనిషి నొయ్యకుండా దుప్పటితోనే ఎట్ల పక్కకు తిప్పాలె, పెదవులు తడిగుడ్డతో ఎట్ల అద్దాలె. నేను చేసిన. నా చేతులు చేయగలిగింది అదొక్కటే.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి గోలి తెస్తే బుజ్జి అడిగేది, "సిస్టర్, తిన్నవా?"

"లేదు. నువ్వు మింగు."

మింగేది. మధ్యాహ్నం కూడా ఒకసారి కండ్లు తెరిచి, "తిన్నవా?" అనేది. "లేదే తల్లీ."

రెండో సోమవారం దాటినంక ఒకనాడు నా చెయ్యి పట్టుకున్నది. చెయ్యి కాలుతున్నది. "అక్కా, ఒక్కపొద్దు ఇడిసినందుకే గిట్లయిందా నాకు?"

కాదులే, అంతా మంచిగైతది అనొచ్చు. అట్లంటే ఆ పిల్ల దేవుడే చంపిండనుకొని పోతది. "ఇడిసినందుకు కాదు బుజ్జీ. పట్టినందుకైంది. నేను చెప్పినందుకైంది. మల్లన్న తప్పు లేదు, నీ తప్పు లేదు" అన్న.

ఆమె కండ్లు మూసుకున్నది. నిద్రపోయిందనుకున్న.

"నువ్వు మంచికే చెప్పినవక్కా" అన్నది.

తిట్టి ఉంటే బాగుండె.

గురువారం మధ్యాహ్నం పోయింది. బయట రోడ్డు మీద డప్పులు మోగుతుండె. రత్నం సిస్టర్ ఆమెకు తానం చేయించి, జడ వేసింది, బిగుతుగా. బండ్లు లేకపోతే తండావాళ్లు ట్రాక్టరు తెచ్చుకున్నరు. అత్తకు కామెర్లనే చెప్పిన్రు. పట్నం నుంచి వచ్చిన మొగుణ్ణి, బిడ్డను ఆ తర్వాత పిలిపించి పరీక్ష చేయించింది సిస్టర్. బిడ్డకు రోగం లేదు. ఆ ఫలితం చెప్పినప్పుడు నేను నేల మీద కూసొని ఏడ్చిన.

నా తప్పు వల్లనే ఆ పిల్ల పోయిందని డాక్టరు ఖాయంగా అనలేదు. గోలీలు మొదలుపెట్టిన నాడే ఆమె ఒంట్లో సత్తువ లేదన్నడు. కాదని కూడా అనలేదు. ఆ రెండు మాటల నడుమ నేను బతుకుతున్న.

నాకు గోలీలు మార్చిన్రు. అవి పనిచేసినయి. రాష్ట్రమొచ్చింది. ఇంకొన్నేండ్లకు హెపటైటిస్‌కు కూడా సర్కారు గోలీలొచ్చినయి. మూడు నెలలు మింగితే ఆ రోగం పోయింది. బుజ్జి అప్పటిదాకా ఉంటే ఎట్లుండునో అని తలుచుకోకుండా ఒక్క గోలి కూడా మింగలేదు నేను. రెండోసారి బతికించినందుకు దేవునికి ఏం మొక్కుకోవాలో తెల్వక, ఊకె దండం పెట్టి ఊకున్న. వదినె కంచాలన్నీ కలిపి కడుగుతది ఇప్పుడు.

అక్కచెల్లెండ్లారా, ఒక్కపొద్దు ఉండొద్దని నేను చెప్పను. మీకు ఏ మొక్కు ఉన్నా మీ సిస్టర్‌కు ముందే చెప్పుకోండ్రి. ఆమె తిడితే తిట్టనియ్యిండ్రి. మందు ఎంగిలి కాదు.

రాష్ట్రం విడిపోయినంక రత్నం సిస్టర్ వాళ్ల దిక్కు పోయింది. ఏడాదికోసారి ఫోన్ చేస్తది, "వేసుకుంటున్నావా?" అని తప్ప వేరే కుశలం అడగదు. మొన్న నేనే అడిగిన, ఇన్నేండ్లు అడగడానికి భయపడ్డ మాట.

"సిస్టర్, ఆ ఒక్కపొద్దు ఇంక ఉంటున్నవా?"

"రెండు సోమవారాలే ఉన్నాను కౌసల్యా. మూడో సోమవారం ఆ పిల్లకి రాలేదుగా."

ఇయ్యాల సోమవారం. పొద్దున ఎనిమిదింటికి గోలి వేసుకున్న. ఆ ఎంగిలి నోటితోనే మల్లన్న ముంగట దీపం ముట్టించిన. తర్వాతనే ఇది రాయడానికి కూసున్న.